ముందు వాలు, తర్వాతే లోయ

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రైలు మార్గాన్ని ట్రైన్ సిమ్యులేటర్‌లో తిరిగి కట్టాలనుకునేవారు సాధారణంగా ఉపగ్రహ చిత్రాలతో మొదలుపెడతారు. భూమి ఎత్తుపల్లాల లెక్కలు ఉచితంగా దొరుకుతాయి. వాటితో కొండలు లేపి, వాటిపై ఉపగ్రహ చిత్రం పరిచి, కనిపించిన గీత వెంట పట్టాలు వేసి, చివరికి చెట్లు నాటుతారు. పర్యాటకులు అరకు వెళ్లేది కొండలూ లోయలూ చూడటానికి కాబట్టి ముందు కొండ, తర్వాత రైలు అన్న ఈ వరుస సహజంగానే తోస్తుంది. కానీ కొండదారిలో ఈ వరుస పనిచేయదు. పర్యాటకుడు కిటికీలోంచి చూసే ప్రతి దృశ్యాన్నీ, ఏ లోయ ఎటువైపు వస్తుంది, ఎంతసేపు కనిపిస్తుంది, ఏ సొరంగం దాన్ని మింగేస్తుంది అన్నవాటన్నిటినీ నిర్ణయించింది కొండ ఒక్కటే కాదు. ఇంజనీరు ఎంచుకున్న వాలు కూడా. ఆ వాలును మొదట పట్టుకోకుండా కట్టిన అరకు మార్గం ఎంత అందంగా ఉన్నా అరకు మార్గం కాదు.

అసలు ఈ మార్గం ఎందుకు పుట్టిందో చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్లు సాగే ఈ లైనును, రైల్వే వాళ్లు కేకే లైను అని పిలిచే దాన్ని, 1960లలో వేసింది విహారయాత్రల కోసం కాదు. బస్తర్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించి జపాన్‌కు ఎగుమతి చేయడానికి వేశారు. బరువైన గూడ్సు బండి నిలదొక్కుకోగల వాలు ఎంతో అదే ఈ మార్గానికి రాజ్యాంగం. ఘాట్ సెక్షన్‌లో గరిష్ఠ వాలు 1:60, అంటే అరవై మీటర్లు ముందుకు వెళ్తే ఒక మీటరు ఎక్కడం. బొడ్డవర దగ్గర కొండ పాదాన్ని అందుకునే మార్గం శిమిలిగుడ వద్ద సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. కశ్మీర్ లోయలోకి రైలు వచ్చేదాకా దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అత్యంత ఎత్తైనదిగా పేరున్న స్టేషన్ అది. మధ్యలో ఎక్కాల్సింది ఎనిమిది వందల మీటర్లకు పైనే. 1:60 వాలుతో 800 మీటర్లు ఎక్కాలంటే కనీసం 48 కిలోమీటర్ల పట్టా పరవాలి. కొండ అంత పొడవు తిన్నగా ఇవ్వదు గనుక పట్టా వాగుల వెంట లోపలికి వెళ్లి, మలుపు తిరిగి, వచ్చిన వైపే ఇంకాస్త ఎత్తులో తిరిగివస్తుంది. అడ్డొచ్చిన చోట సొరంగం దూరుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస మీదుగా యాత్రికులు మెచ్చుకునే ఆ మెలికలన్నీ పొడవు సంపాదించుకోవడానికి పట్టా పడిన పాట్లు.

ఇప్పుడు ఉపగ్రహ లెక్కల సంగతి. ఔత్సాహికులు ఎక్కువగా వాడే ఎత్తుల సమాచారం 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ ఎండీవర్ పదకొండు రోజుల పాటు రాడార్‌తో భూమిని కొలిచి తెచ్చింది. మానవాళికి ఉచితంగా దొరికిన గొప్ప వరాల్లో అదొకటి, అందులో అనుమానం లేదు. కానీ దాని కొలత బిందువుల మధ్య ఎడం దాదాపు 30 మీటర్లు. సింగిల్ లైను కట్ట వెడల్పు ఏడెనిమిది మీటర్లు దాటదు కాబట్టి పట్టా, దాని గట్టు, దానికోసం కొండను కోసిన కట్టింగు ఏవీ ఆ లెక్కల్లో విడిగా కనిపించవు. పైగా ఆ రాడార్ వాడిన 5.6 సెంటీమీటర్ల తరంగం దట్టమైన అడవి కింద ఉన్న నేలదాకా పూర్తిగా దిగదు. చెట్ల పైభాగాన్నీ నేలనూ కలగలిపి ఒక ఎత్తు చెబుతుంది. అనంతగిరి కొండల మీద అడవి ఎంత చిక్కగా ఉంటే తప్పు అంత పెద్దది. పక్కపక్కనున్న రెండు బిందువుల మధ్య ఐదు మీటర్ల తేడా తప్పుగా వచ్చిందనుకుందాం. 30 మీటర్లలో 5 మీటర్లు అంటే 1:6 వాలు. అసలు మార్గంలో ఉన్నదానికి పది రెట్లు. అలాంటి నేల మీద పట్టా యథాతథంగా పరిస్తే ఏ ఇంజనూ ఎక్కలేని గుంతల దారి తయారవుతుంది. మైక్రోసాఫ్ట్ 2001లో విడుదల చేసిన ట్రైన్ సిమ్యులేటర్‌లో నేల బిందువుల ఎడం 8 మీటర్లు, అదే ఏడాది వచ్చిన ఆస్ట్రేలియా వారి ట్రైన్జ్‌లో 10 మీటర్లు. 30 మీటర్ల సమాచారాన్ని 8 మీటర్లకు విడగొడితే కొత్త బిందువులు పుడతాయి కానీ కొత్త సమాచారం పుట్టదు.

మరి నిజమైన వాలు ఎక్కడ దొరుకుతుంది? పట్టా పక్కనే దొరుకుతుంది. మన స్టేషన్ల పసుపుపచ్చ బోర్డుల మీద పేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. అవి సర్వే చేసి తేల్చిన అంకెలు. వాలు మారిన ప్రతి చోటా దారి పక్కన ఆ వాలు అంకె రాసిన గ్రేడియంట్ పోస్టు ఉంటుంది. బోర్డుల ఎత్తులను మేకులుగా కొట్టుకుని, పోస్టుల వాలులతో వాటిని కలుపుకుంటూ పోతే మార్గం నిలువుకోత కాగితం మీదికి వస్తుంది. ఉపగ్రహం లెక్క దీన్ని సరిచూసుకోవడానికి పనికొస్తుంది కానీ దీని స్థానంలోకి రాదు. ఈ పని చేస్తున్నప్పుడే నిర్మాణ ఇంజనీరు ఆలోచన బయటపడుతుంది. స్టేషన్ యార్డులో బండ్లు వాటంతటవి కదలకూడదు గనుక అక్కడ వాలు సాధారణంగా 1:400 కన్నా ఎక్కువ ఉండకూడదని భారతీయ రైల్వే నియమం. అంటే ప్రతి స్టేషన్ దగ్గరా దాదాపు కిలోమీటరు పొడవు ఎత్తు సంపాదించకుండానే ఖర్చయిపోతుంది. వంపులోనూ మరో కోత ఉంది. మలుపులో చక్రం పట్టాను ఒరుసుకుని బండి బరువెక్కుతుంది కాబట్టి బ్రాడ్‌గేజ్‌లో ఒక్కో డిగ్రీ వంపుకు 0.04 శాతం చొప్పున వాలు తగ్గించాలి. 1:60 అంటే 1.67 శాతం. ఎనిమిది డిగ్రీల వంపులో 0.32 శాతం తీసేస్తే మిగిలేది 1.35 శాతం, సుమారు 1:74. మెలికలు తిరిగి పొడవు సంపాదిద్దామంటే ఆ మెలికలే కొంత ఎత్తును తినేస్తాయన్నమాట. ఇక దిగుడు వాలు మీద స్టేషన్‌లోకి వచ్చే చోట అదుపు తప్పిన బండిని పక్కకు మళ్లించి ఆపడానికి క్యాచ్ సైడింగ్ ఉంటుంది. ఎదురు వాలుతో కొండ మీదికి పోయి ఆగిపోయే ఆ పట్టా ఉపగ్రహ చిత్రంలో ఎందుకూ పనికిరాని తోకలా కనిపిస్తుంది. వాలు తెలియని వాడు దాన్ని వదిలేస్తాడు. తెలిసినవాడికి అది లేని ఘాట్ స్టేషన్ నమ్మశక్యంగా ఉండదు.

వంపుల విషయంలోనూ ఇదే కథ. ఎనిమిది డిగ్రీల వంపు అంటే వ్యాసార్ధం దాదాపు 219 మీటర్లు. అంత బిగువు మలుపులో బయటి పట్టాను కాస్త ఎత్తులో పెడతారు. గంటకు 30 కిలోమీటర్ల వేగానికి సరిగ్గా సరిపోయే ఎత్తు లెక్క ప్రకారం 57 మిల్లీమీటర్లు, 40 కిలోమీటర్లకైతే 100. ప్రయాణికుల బండి, దానికన్నా మెల్లగా పాకే గూడ్సు ఒకే పట్టా మీద నడవాలి కాబట్టి ఇంజనీరు మధ్యేమార్గం ఎంచుకుంటాడు. తిన్నని దారి నుంచి ఈ వంపులోకి బండి ఒక్కసారిగా తిరగదు. వంపు సున్నా నుంచి క్రమంగా పెరిగే సంధి వక్రం ఒకటి మధ్యలో ఉంటుంది. పాత మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో పట్టాలు ముందే కొలిచిపెట్టిన ముక్కలుగా వస్తాయి. తిన్నని ముక్కకు వంపు ముక్క తగిలిస్తే ఇంజను ముక్కు ఠక్కున పక్కకు తిరుగుతుంది. అలాంటి కుదుపు చూసే చాలామంది సిమ్యులేటర్ రైళ్లు బొమ్మ రైళ్లలా ఉన్నాయంటారు. లోపం రంగుల్లో వెతుకుతారు గానీ అది ఉన్నది వక్రంలో.

వాలును ముందు పెట్టమనడానికి సిమ్యులేటర్ నిర్మాణంలోనే ఇంకో కారణం ఉంది. చాలా సిమ్యులేటర్లలో నేల అంటే ఒక్కో బిందువుకు ఒక్కో ఎత్తు, అంతే. పరుపు మీద పరిచిన దుప్పటి ఎగుడుదిగుడుగా ఉండొచ్చు కానీ ఒకే చోట దానికి రెండు ఎత్తులు ఉండవు. సొరంగానికి కావలసింది సరిగ్గా ఆ రెండో ఎత్తే. కేకే లైను మీద యాభైకి పైగా సొరంగాలున్నాయి. ఒక్కోదానికీ నేలకు కన్నం పెట్టి, లోపలి గోడలను విడి వస్తువుగా తయారుచేసి, ఆ కన్నంలో అమర్చాలి. పట్టా ఎత్తు ముందుగా ఖరారు కాకపోతే కన్నం ఎక్కడ పెట్టాలో ఎవరికి తెలుస్తుంది? బొర్రా దగ్గర ఈ చిక్కు పరాకాష్ఠకు చేరుతుంది. అక్కడ రైలు మార్గం సున్నపురాయి గుహల పైనుంచే పోతుంది. కింద గుహ, గుహలో గోస్తని నది, పైన పట్టా. ఒకే నిలువు గీత మీద మూడు అంతస్తుల లోకం. దాన్ని ఒక్క ఎత్తుతో చెప్పమంటే ఏ ఉపగ్రహమూ చెప్పలేదు.

అంకెల కచ్చితత్వం గురించీ ఒక మాట. కంప్యూటర్ ఆటల్లో స్థానాలను ఎక్కువగా 32 బిట్ల దశాంశ సంఖ్యలతో గుర్తుపెట్టుకుంటారు. ఆ పద్ధతిలో సంఖ్య పెద్దదయ్యేకొద్దీ దాని పక్క సంఖ్యకు ఉండే ఎడం పెరుగుతుంది. కొత్తవలసను సున్నాగా పెట్టుకుని పట్టా పొడవు వెంట కిరండూల్ దాకా మీటర్లలో లెక్కిస్తే, చివరికి వచ్చేసరికి ఆ ఎడం మూడు సెంటీమీటర్లు దాటుతుంది. చక్రం పట్టా మీద మూడేసి సెంటీమీటర్లు గెంతుతూ వణుకుతున్నట్టు కనిపిస్తుంది. అందుకే సిమ్యులేటర్లు ప్రపంచాన్ని చిన్న పలకలుగా కోసుకుంటాయి. మైక్రోసాఫ్ట్ పలక 2,048 మీటర్ల చదరం, ట్రైన్జ్ పలక 720 మీటర్ల చదరం. ప్రతి స్థానాన్నీ ఆ పలక లోపలే కొలుస్తారు.

చూడటం పక్కనపెట్టి నడపడానికి వస్తే వాలు మరింత పట్టుబడుతుంది. సమతలంలో నెమ్మదిగా వెళ్లే బండిని కదిలించడానికి టన్నుకు రెండు మూడు కిలోల లాగుడు చాలు. 1:60 వాలు మీద దానికి అదనంగా టన్నుకు 16.7 కిలోలు కావాలి. దిగేటప్పుడు అదే బలం వెనక నుంచి తోస్తుంది. ఈ లైనులో ఘాట్ దిగేవి ఖనిజం నింపుకున్న బండ్లు, ఎక్కేవి ఖాళీవి. కాబట్టి ఇక్కడ కష్టమంతా లాగడంలో కన్నా ఆపడంలో ఉంది. నాలుగు వేల టన్నుల బండి 900 మీటర్లు దిగితే వదిలే శక్తి దాదాపు 9,800 యూనిట్ల కరెంటుకు సమానం. గంటకు 30 కిలోమీటర్లతో 1:60 దిగుతున్నంతసేపూ అటూఇటుగా 5,400 కిలోవాట్ల శక్తిని ఏదో ఒకటి మింగుతూ ఉండాలి. అంతా బ్రేకు దిమ్మలే మింగితే అవి కాలి పట్టు తప్పుతాయి. అందుకే మోటార్లనే జనరేటర్లుగా తిప్పి ఆ శక్తిని వేడిగానో, కొత్త తరం ఇంజన్లలోనైతే పైతీగలోకి తిరిగి కరెంటుగానో పంపిస్తారు. గాలి బ్రేకుకు ఉన్న ఇబ్బంది వేరు. బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోలుగా ఉండే పీడనం తగ్గితేనే బ్రేకు పడుతుంది. ఆ తగ్గుదల కబురు ధ్వనివేగం కన్నా వేగంగా ప్రయాణించలేదు. 700 మీటర్ల పొడవు బండిలో చివరి వ్యాగనుకు అది చేరేసరికి రెండు సెకన్లు దాటుతాయి. మళ్లీ గాలి నిండటానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఇవన్నీ లెక్కించగల సిమ్యులేటర్లు ఉన్నాయి. వాటికి తప్పుడు వాలు ఇస్తే సరైన భౌతికశాస్త్రం కూడా తప్పు జవాబే ఇస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఇదంతా లోకో పైలట్ గోల, పర్యాటకుడికి గ్రేడియంటుతో పనేమిటి, అతను అద్దాల పెట్టెలో కూర్చుని లోయ చూస్తాడు కదా అని. 2017 ఏప్రిల్‌లో అరకు బండికి తగిలించిన విస్టాడోమ్ పెట్టెనే తీసుకుందాం. పైకప్పు అద్దం, చుట్టూ తిరిగే కుర్చీలు. అందులో కూర్చున్నవాడికి మామూలు పెట్టెలో కనిపించనివి కనిపిస్తాయి. తల మీద 25 కిలోవోల్టుల తీగ, ఇంజను మీది పాంటోగ్రాఫ్ ఒకే చోట అరగకుండా ఆ తీగ అటూ ఇటూ 200 మిల్లీమీటర్ల చొప్పున వేసే వంకర నడక, సొరంగం ముఖద్వారం పైనున్న రాయి, కట్టింగు అంచున వేళ్లు బయటపడి వేలాడే చెట్టు. ఇవన్నీ పట్టాకు పది ఇరవై మీటర్ల లోపలే ఉంటాయి. విమానంలోంచి కిలోమీటరు దూరంలో చూస్తే ఐదు మీటర్ల తప్పు కంటికి డిగ్రీలో మూడో వంతు కూడా కాదు. రైలు కిటికీ నుంచి ఇరవై మీటర్ల దూరంలో అదే తప్పు 14 డిగ్రీలు. కట్టింగు గోడ ఉండాల్సిన చోట లోయ తెరుచుకుంటుంది, లోయ ఉండాల్సిన చోట మట్టిగోడ వస్తుంది. లోయ చూడటానికి వచ్చినవాడికే వాలు తప్పు అందరికన్నా ముందు తగులుతుంది.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది. 2020 నాటి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఉపగ్రహ చిత్రాల నుంచి భూగోళమంతా దానంతటదే కట్టుకుంది కదా, రేపు రైలు మార్గాలూ అలాగే వస్తాయి, మనిషి కూర్చుని పోస్టులు లెక్కపెట్టడం ఎందుకు? లేజర్ సర్వేలు చెట్ల సందుల్లోంచి నేలను కొలవగలవు. అలాంటి సమాచారం దొరికిన చోట పని సగానికి తగ్గుతుందన్నది నిజమే. అయినా పైనుంచి చూసే పరికరం ఏదీ సొరంగం లోపలి వాలు చెప్పదు, ఏ మలుపులో బయటి పట్టా ఎంత ఎత్తో చెప్పదు, వేగ పరిమితి చెప్పదు, సిగ్నల్ ఎందుకు అక్కడే ఉందో చెప్పదు. యంత్రం కొండ ఆకారాన్ని ఇస్తుంది. మార్గం మాత్రం నియమాల సముదాయం. ఆ నియమాలను ఎవరో ఒకరు చదివి పెట్టాల్సిందే.

అంత పొడవు మార్గాన్ని ఒక్కరో ఇద్దరో కట్టలేరు, కొంత కుదించక తప్పదు అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. అయితే ఎక్కడ కుదించాలన్నదే ప్రశ్న. కొత్తవలస నుంచి శృంగవరపుకోట దాకా మైదానంలో పొలాల మధ్య రెండు కిలోమీటర్లు తగ్గిస్తే ఎవరికీ పట్టదు. ఘాట్‌లో పొడవును సగం చేస్తే ఎత్తు మారదు గనుక వాలు 1:30 అవుతుంది. అప్పుడు బండిని లాగడానికి ఇంజను బలాన్ని అబద్ధంగా పెంచాలి, ఆపడానికి బ్రేకునూ అబద్ధంగా పెంచాలి. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి మరో రెండు. దానికన్నా శివలింగపురం నుంచి అరకు వరకే కట్టి ఆపేయడం మేలు. చెట్ల విషయంలో మాత్రం మొహమాటం లేకుండా మోసం చేయవచ్చు. దగ్గరివి పూర్తి ఆకారంతో, దూరపువి రెండు బొమ్మలు అడ్డంగా కలిపిన రేకులతో నిలబెడితే చాలు. లోయ అవతలి కొండలకు ముతక నేల సరిపోతుంది. ఋతువులను మాత్రం మార్చుకోవాలి. ఈ సిమ్యులేటర్లు ఎక్కువగా ఐరోపా, అమెరికాల కోసం పుట్టినవి. వాటికి శీతాకాలం అంటే మంచు. అరకులో శీతాకాలం వస్తుంటే పొలాల నిండా వలిసె పూలు పసుపుగా పూస్తాయి. తెల్లటి రంగు తీసి ఆ పసుపు వేయడం ఒక్కపూట పని, ఫలితం మాత్రం గొప్పగా ఉంటుంది.

ఇంత శ్రమ పడి కట్టినా అది ఆటే కదా అనేవారికి జపాన్ నుంచి జవాబుంది. 2001 నాటి మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో ఇచ్చిన మార్గాల్లో క్యూషూ దీవిలోని హిసత్సు లైను ఒకటి. హితొయోషి, యోషిమత్సు పట్టణాల మధ్య కొండదారి అది. ఒకోబా దగ్గర పట్టా తనను తాను చుట్టుకుని, వెనక్కి మళ్లి ఎక్కే ఆ మార్గం మీద పర్యాటక రైళ్లు నడిచేవి. 2020 జూలై వరదలకు లైను దెబ్బతిని అక్కడ రైళ్లు ఆగిపోయాయి. ఆ తర్వాత కూడా రైలులో ఆ కొండ ఎక్కి దిగే వీలు పాత సిమ్యులేటర్‌లో, ఆ పాత మార్గాలను ఇప్పటికీ నడపగల ఓపెన్ రెయిల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మిగిలింది. అయితే వాలు సరిగ్గా ఉన్నంత మేరకే అలాంటి నకలు ఒక రికార్డు. లేకపోతే అది ఒక బొమ్మ మాత్రమే.

మన దగ్గర వరద రానక్కరలేదు. కొత్తవలస, కోరాపుట్‌ల మధ్య రెండో లైను పనులు విడతలుగా జరుగుతున్నాయి. కొత్త కట్టింగులు, కొత్త సొరంగాలు వస్తున్నకొద్దీ 1960ల నాటి ఒంటి పట్టా దారి రూపం మారుతుంది. అరకు మార్గాన్ని కంప్యూటర్లో కట్టాలన్న సరదా ఉన్నవారు ఉపగ్రహ చిత్రాలు తర్వాత చూసుకోవచ్చు, అవి ఎక్కడికీ పోవు. ముందు పగటి బండి ఎక్కి, నోటు పుస్తకం దగ్గర పెట్టుకుని, బొడ్డవర నుంచి శిమిలిగుడ దాకా స్టేషన్ బోర్డుల మీది ఎత్తులూ, దారి పక్కన కనిపించినన్ని గ్రేడియంట్ పోస్టుల అంకెలూ రాసుకోండి.